పాయింటు తొమ్మిది

టంగుటూరులో ఇరవై రెండేళ్ళు
ఆకు పట్టుకుని రంగు చెప్పా.
కళ్ళు మూసుకున్నా వేళ్ళు చెప్పేవి:
ఇది నిమ్మపండు, ఇది నారింజ,
దీని ఈనె దగ్గర పచ్చి మిగిలింది, ఈ కుప్పది కాదు.
మేస్త్రి గుర్నాథం కాదని వాదించి
మళ్ళీ తనే వచ్చి మార్చుకునేవాడు.

ఇప్పుడు ఒంగోల్లో
నా రంగు చెప్పే పిల్ల పేరు ఖాసింబీ.
మూడు నెలలకోసారి మోచేతి మడతలో
నరం కోసం తడుముతుంది,
చూడకుండా,
వేలితోనే.

మొదటిసారి "ఎస్సీసీ రాశారమ్మా" అంటే
సంచిలోంచి కులం కాగితం తీసిచ్చా.
ఆ పిల్ల నవ్వలేదు.
పాత మడతల మీదే మడిచి నా చేతిలో పెట్టి
"ఇది వేరేదమ్మా, నెత్తుట్లో ఉండేది" అంది.
అదీ నెత్తుట్లోదే అంటారు మా ఊళ్ళో.
అనలేదు నేను. సూది లోపలుంది.

కోతకి ముందు ఎనిమిదీ పాయింటు నాలుగు.
గర్భసంచి తీశారు, దాని మెడ తీశారు,
చుట్టూ ఉన్న గ్రంథుల్ని శనక్కాయల్లా ఏరి
సీసాల్లో వేసి పంపారు.
ముగ్గుర్ని మోసిన సంచి. ఇద్దరు బతికారు.
మెలకువొచ్చాక పొట్ట మీద చెయ్యేస్తే
వేలం అయిపోయిన సాయంత్రం ప్లాట్‌ఫారం,
ఎవరో చీపురుతో ఊడుస్తా ఉన్నట్టు.

నెల తిరిగేసరికి పాయింటు తొమ్మిది.
వైదేహి డాక్టరమ్మ ఆ అంకె కింద గీత గీసి
"ఒకటిన్నర లోపుంటే మంచిది" అంది.
"ఉంటే బతుకుతానా?"
"ఉంటే మంచిది, దీనమ్మా."

నేనూ అంతే చెప్పేదాన్ని.
ఎంత పలుకుద్ది అక్కా అని రైతు అడిగితే
రంగు బాగుందయ్యా అనేదాన్ని.
రంగు బాగున్న బేళ్ళకే
నో బిడ్ చీటీ గుచ్చి పక్కకి తోసిన ఏడు చూశా.
మాడిన ఆకుని ఎగబడి కొన్న ఏడూ చూశా.

తర్వాత ఒకటీ పాయింటు ఒకటి.
ఆ పైన ఒకటీ పాయింటు నాలుగు.
మనవరాలు లెక్కల పుస్తకంలో చుక్కలు పెట్టి
స్కేలుతో కలిపింది.
"లోపలే ఉందిగా అవ్వా" అంది.
లోపలే ఉంది.
ఆ మాటకే నాకు నిద్ర పట్టట్లా.

బ్యారన్ కాల్చే రోజుల్లో మా ప్రభుదాసు
రాత్రంతా అద్దంలోంచి వేడి అంకె చూసేవాడు.
ఒక గీత దాటితే ఆకు మాడుద్ది,
ఒక గీత తగ్గితే పచ్చి నిలుస్తది.
దాటిందంటే లేచి గాలిమూత తిప్పేవాడు,
మళ్ళీ కూర్చుని బీడీ ముట్టించేవాడు.
నా అంకె దాటితే తిప్పటానికి
నా చేతిలో ఏ మూతుంది?

"స్కాను తీస్తాం, కరెంటు పెడతాం,
ముందే తెలిస్తే ముందే పట్టుకుంటాం" అంటది డాక్టరమ్మ.
ముందే తెలవటం.
దానికోసమేగా మోచెయ్యి చాపేది.
దానికేగా భయమూ.

ఇయ్యాల గొట్టం మీద చీటీ అంటించబోతా
నా పేరు చదివి వినిపించింది ఖాసింబీ.
"దీనమ్మ, యాభై ఒకటి. సరేనా?"
సరే అన్నా.
గొట్టాన్ని ట్యూబులైటు కేసి ఎత్తి ఒకసారి ఊపింది.
ముదురు ఎరుపు. ఈ రంగుకి గ్రేడు నాకు రాదు.
ఏ కుప్పలో వేస్తావమ్మాయ్ అందామనుకుని
చెప్పులేసుకున్నా.

రేపు పొద్దున ఫోన్లో చెబుతారంట.
కందుకూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది.
సూరారెడ్డిపాలెం దాటాక
కండక్టరు చిల్లర అడిగితే తెలిసింది,
దూది ఎక్కడో పడిపోయింది,
మోచెయ్యి మాత్రం ఇంకా మడిచే పట్టుకున్నానని.